ఇద్దరు బొలేరోలు

ఏడాదంతా ఎండ కాసే హయలియా ఊళ్ళో చలి పడిందంటే జనం రెండు పనులు చేస్తారు. బీరువా అడుగునుంచి కోట్లు తీసి, వాటికి పట్టిన కలరా ఉండల వాసన గురించి ఒకరికొకరు చెప్పుకుంటారు. వాకిట్లోకి వచ్చేముందు తలెత్తి చెట్టుకేసి చూస్తారు. కొమ్మలమీద పడుకున్న ఇగ్వానాలు చలికి కొయ్యబారి, పనసకాయల్లా దబ్బుమని రాలిపడతాయి మరి. చచ్చిపోవు. ఎండ తగలగానే ఒళ్ళు విరుచుకుని, ఏమీ జరగనట్టు లేచి వెళ్ళిపోతాయి.

ఆ బుధవారం పొద్దున ఎనెయిదా బర్రోసో చెట్టుకేసి చూడలేదు. పెరటి తలుపు తియ్యగానే ఆమె కళ్ళు పంజరం మీద పడ్డాయి. పంజరం తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బొలేరో లేడు.

"ఎవేలియో! నిన్న పంజరం కడిగిందెవరు?"

"నేనే. ఏం?" వంటింట్లోంచి మొగుడి గొంతు.

"గడియ పెట్టిందెవరు?"

కాఫీ కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు వినబడింది.

"అదే నేనూ గుర్తు తెచ్చుకుంటున్నాను," అన్నాడు ఎవేలియో.

బొలేరో వాళ్ళ ఇగ్వానా. వాళ్ళ దేశపు పాత ప్రేమపాటల పేరు వాడిది. తొండలకి తాత, ఉడుములకి మేనమామ అనిపించే ఆకారం. ఎప్పుడో ఎనెయిదా అక్క కొడుకు సంతలో కొనుక్కొచ్చినప్పుడు వీడు అరచేతిలో పట్టే పచ్చటి పిల్ల. వారం తిరక్కుండా ఆ కుర్రాడికి మోజు తీరింది, ఎనెయిదాకి పట్టుకుంది. తర్వాత రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. ఇకమీద ఇళ్ళల్లో ఇగ్వానాలు ఉండకూడదు. అప్పటికే ఉన్నవాళ్ళు గడువులోగా అర్జీ పెట్టి, జంతువు చర్మం కింద బియ్యపుగింజంత చిప్ వేయించి, దాని ఆయువు తీరేదాకా ఉంచుకోవచ్చు. వీధిలో సగంమంది ఆ అర్జీ జోలికే పోలేదు. ఎనెయిదా మొదటిరోజే పెట్టింది. ఆమె తీరే అంత. ఒక్క కారూ లేని ఖాళీ పార్కింగులో కూడా ఆగుమన్న బోర్డు దగ్గర బండి ఆపి, అటూ ఇటూ చూసి, అప్పుడు కదిలిస్తుంది.

ఆమె చెప్పులు వేసుకోకుండానే పెరట్లోకి పరిగెత్తింది. మామిడిచెట్టు మొదట్లో, రాలిన ఆకులమీద వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్ళు నాలుగూ ఆకాశంలోకి. ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసంలా ఉన్నాడు.

"నా తండ్రీ!" అంటూ నైటీ మీద కప్పుకున్న శాలువా తీసి వాడికి చుట్టింది. పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని, తిన్నగా స్నానాలగదిలోకి తీసుకెళ్ళి బాత్‌టబ్బులో పడుకోబెట్టింది. హెయిర్ డ్రయర్ పెట్టి, దగ్గరగా కాదు, చెయ్యెడు దూరంనుంచి వెచ్చటి గాలి పట్టింది. వాడి కనురెప్ప ఒకటి కదిలింది. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి కేక వినబడింది.

"దొరికాడే ముసలీ! దొరికాడు!"

"ఎవరు?"

"ఎవరేంటి, బొలేరో! షెడ్డు వెనకాల పడున్నాడు!"

ఎనెయిదా డ్రయర్ ఆపింది. "మరి నా దగ్గరున్నదెవడు?"

ఎవేలియో స్నానాలగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని చేతుల్లో, కారు తుడిచే గుడ్డలో చుట్టిన ఇంకో ఇగ్వానా ఉంది. ఇద్దరూ టబ్బులోకీ గుడ్డలోకీ మార్చి మార్చి చూసుకున్నారు. అదే పొడుగు. ఈ కాలంలో మగవాటికి వచ్చే అదే నారింజ రంగు. అదే గంగడోలు, వీపుమీద అదే రంపం.

"నావాడే బొలేరో," అంది ఎనెయిదా.

"నావాడే," అన్నాడు ఎవేలియో.

అనుమతి కాగితం తీసి చూశారు. దానిమీది ఫొటోలో చేతిలో పట్టే పచ్చటి పిల్ల అమాయకంగా చూస్తోంది. వీళ్ళిద్దరిలో ఎవరి పోలికా దానికి లేదు.

పొద్దెక్కేసరికి కబురు ప్రహరీ దాటింది. పక్కింటి ఫిలెమోన్ గోడమీద మోచేతులు ఆనించి నవ్వుతున్నాడు. అతనిది నికరాగువా. గోడలకి రంగులేసే పని.

"చిప్ చూడాలంటే మిషన్ కావాలి దోన్యా ఎనెయిదా. రుచి చూసి చెప్పాలంటే నేను చాలు. ఈస్టరు ముందు ఉపవాసాల్లో మా అమ్మ చేసే ఇగ్వానా చారు తాగితే..."

"నోర్ముయ్యి ఫిలెమోన్."

"ఒక్క చెంచాతో చెప్పేస్తాను, ఇది ఇంట్లో పెరిగిందా, చెట్టుమీద పెరిగిందా అని."

"నా ఇంటి ఛాయల్లోకి గరిటె పట్టుకు వచ్చావంటే చూడు!"

గోడకి ఇటుపక్క ఎవేలియో బుర్ర గోక్కున్నాడు. "ఇంత ఆలోచన దేనికే? ఒకణ్ణి ఉంచుకుందాం, రెండోవాణ్ణి మళ్ళీ చెట్టెక్కిద్దాం."

"పట్టుకున్నదాన్ని వదిలిపెట్టడం నేరం."

"సరే, ఇద్దర్నీ ఉంచుకుందాం."

"చిప్ లేనిదాన్ని ఉంచుకోవడం నేరం."

"మరి ఇలా చేత్తో పట్టుకుని నిలబడ్డం?"

ఎనెయిదా ఆలోచించింది. "అదీ నేరమే అనుకుంటా."

"అయితే నువ్వు పట్టుకో," అని ఎవేలియో గుడ్డతో సహా ఆమె చేతిలో పెట్టాడు.

రేడియోలో చెప్పినదాని ప్రకారం ఆ వారం మాత్రం ఒక వెసులుబాటు ఉంది. చలికి పడినవాటిని జనం తెచ్చి అప్పగిస్తే వన్యప్రాణి శాఖవాళ్ళు తీసుకుంటారు. తీసుకుని ఏం చేస్తారో రేడియో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఇక్కడివి కాని ప్రాణులు, కాలువ గట్లు తవ్వేస్తున్నాయి, తోటలు మేసేస్తున్నాయి. వాటికి ఒక సూది, అంతే. అంటే ఈ ఇద్దర్లో తప్పువాణ్ణి అప్పగిస్తే బొలేరోని తన చేత్తో తనే పంపించేసినట్టు. చిప్ వేసిన డాక్టరు రిటైరై ఉత్తరాదికి వెళ్ళిపోయాడు. దగ్గర్లోని క్లినిక్కుకి ఫోన్ చేస్తే, మేం కుక్కల్నీ పిల్లుల్నీ తప్ప చూడమంది ఫోనెత్తిన అమ్మాయి. శనివారం సంత మైదానంలో శాఖవాళ్ళు డేరా వేస్తారు, మిషన్ అక్కడుంటుంది. అందాకా ఆగాల్సిందే.

ఎనెయిదావాడు బాత్‌టబ్బులో ఉన్నాడు. ఎవేలియోవాడు బట్టలుతికే గదిలో, ఒకప్పటి కుక్క పెట్టెలో.

టబ్బులోవాడు సాయంత్రానికల్లా తేరుకున్నాడు. ఎనెయిదా మందారపువ్వు నోటికి అందిస్తే రేకలు ఒక్కొక్కటే తెంపి, కళ్ళు మూసుకుని నమిలాడు. గెడ్డం కింద గోకితే మెడ సాచాడు. గురువారానికి ఆమె మోచేతిమీదుగా భుజమెక్కి కూర్చున్నాడు. ఆమె వాడితో ఊళ్ళో విషయాలన్నీ చెప్పింది. శుక్రవారం వాడు వింటూ వింటూ నిద్రపోయాడు.

"చూశావా? నన్ను మర్చిపోలేదు," అంది మొగుడితో.

బట్టలగదిలోవాడు మాత్రం ఎవరు తలుపు తీసినా బుస్సుమన్నాడు. తోకతో పెట్టె గోడని ఛళ్ళున కొట్టాడు. ఎనెయిదా వాడికీ నీళ్ళు పెట్టింది, ఆకుకూర పెట్టింది. న్యాయం న్యాయమే. కానీ పువ్వు పెట్టలేదు, మాట్లాడలేదు. పరాయివాడితో ఏం మాట్లాడుతుంది? పైగా శనివారం తర్వాత వాడి గతేమిటో తెలిసి కూడా.

"వీడే మనవాడు," అన్నాడు ఎవేలియో, చొక్కా చేతికి పడిన చిరుగు చూపిస్తూ. "బొలేరో నన్నెప్పుడూ ఇలాగే కొరుకుతాడు."

"నిన్నెవరైనా కొరుకుతారు. అదొక గుర్తా?"

శనివారం ముగ్గురూ ఫిలెమోన్ వ్యానులో బయల్దేరారు. రంగు డబ్బాల మధ్య రెండు పెట్టెలు. దారిలో కాఫీ అమ్మే కొట్టు కిటికీ దగ్గర ఆగి తలా ఒక చిన్న కప్పు తాగి, జామ బద్దలు పెట్టిన పఫ్‌లు తిన్నారు. ఎనెయిదా తినలేదు. ఫిలెమోన్ ఆమె వాటా కూడా తిన్నాడు.

డేరా ముందు రెండు వరుసలున్నాయి. కుడివైపు చలికి పడిన ఇగ్వానాలు తెచ్చినవాళ్ళు. గోనెసంచులూ, చెత్తబుట్టలూ, దిండు గలీబులూ. ఆ వరుస తొందరగా కదులుతోంది. ఎడమవైపు పెంపుడువి అప్పగించేవాళ్ళు. అనుమతి లేకుండా పెంచుకుంటున్న దేన్నయినా ఆరోజు తెచ్చి ఇచ్చెయ్యవచ్చు. పేరడగరు, జరిమానా వెయ్యరు. అర్హత ఉన్నవాళ్ళు అవతల కుర్చీల్లో కూర్చుని ఉంటారు, వాటిని తీసుకెళ్ళి పెంచడానికి.

ఎడమ వరుసలో ఎవర్ని కదిపినా జంతువు బావమరిదిదే.

"ఇది మా బావమరిదిదండీ," అన్నాడు మెడచుట్టూ కొండచిలువతో ముందు నిలబడ్డ మనిషి, ఎవరూ అడక్కుండానే. కొండచిలువ అతని చొక్కా జేబులో తల పెట్టుకుని హాయిగా ఉంది.

అతని ముందున్న లావుపాటాయన చేతిలో చిల్లుల మూత వేసిన ప్లాస్టిక్ డబ్బా. లోపల గోధుమరంగు బొద్దింకలు గరగరమంటున్నాయి.

"ఇవి బల్లికి మేతా? బల్లిని ఇచ్చేస్తున్నారా?" అన్నాడు ఎవేలియో.

"బల్లికి అడ్డు లేదు సార్, ఇంట్లోనే ఉంది. అది తినే ఈ రకం బొద్దింకల్నే పెంచకూడదు, అమ్మకూడదు. పక్క రాష్ట్రంలో కొట్లో దొరుకుతాయి. ఇక్కడికి తెస్తే నేరం."

ఫిలెమోన్ తల ముందుకి పెట్టాడు. "బొద్దింకలు నేరమా? మా వంటింటినిండా నేరమే! పొద్దున్నే లైటు వేస్తే నేరం నాలుగువైపులా పరిగెడుతుంది."

"అవి ఇక్కడివి. ఇవి పరదేశానివి."

"నేనూ పరదేశంవాణ్ణే. నన్నూ డబ్బాలో పెడతారేమో అడుగు."

వరుసంతా నవ్వింది. ఎనెయిదా నవ్వలేదు. ఆమె చెయ్యి ఒక పెట్టె కంతలోంచి లోపలికి ఉంది, టబ్బులోవాడి గెడ్డం గోకుతూ.

బల్ల దగ్గరున్న ఆఫీసరు పేరు ప్రూయిట్ అని జేబుమీద రాసుంది. ఎండకి కమిలిన మొహం, నడివయసు ఆవిడ. ఎనెయిదా వెళ్ళీ వెళ్ళగానే మొదలుపెట్టింది.

"చూడమ్మా, జరిగింది జరిగినట్టు చెప్తాను. మంగళవారం మావారు పంజరం కడిగి గడియ..."

ఎవేలియో ఆమె కాలు తొక్కాడు. ప్రూయిట్ చెయ్యెత్తింది.

"ఈరోజు నేనేం అడగను సెన్యోరా."

"నువ్వడగడం లేదు. నేను చెప్తున్నాను."

"చెప్పినా వినను. ఏం కావాలి?"

"వీళ్ళిద్దర్లో ఒకడు మావాడు. చిప్ ఉంది, అనుమతి ఉంది. ఎవడో చూసి చెప్పు."

ప్రూయిట్ మిషన్ తీసింది, దువ్వెనంత ఉంది. ముందు టబ్బులోవాడి భుజాల మధ్య పెట్టి, మెల్లిగా అటూ ఇటూ తిప్పింది. మిషన్ పలకలేదు. ఎవేలియో గెలిచినట్టు నవ్వబోయాడు, పెళ్ళాన్ని చూసి మానుకున్నాడు. బట్టలగదివాడి భుజాలమీద కూడా పెట్టింది. వాడు బుస్సుమన్నాడు. మిషన్ మాత్రం పలకలేదు.

"ఇద్దరికీ లేదు," అంది ప్రూయిట్.

అంటే బొలేరో వీళ్ళిద్దర్లోనూ లేడు. ఇంకా ఏ కొమ్మమీదో, ఎవరి గోనెసంచిలోనో ఉన్నాడు. ఎనెయిదా కుడివైపు వరుసకేసి చూసింది. ఒక గోనెసంచి బల్లమీద పెడుతున్నారు. తర్వాత ఆమె మెల్లిగా తల తిప్పి ఫిలెమోన్ని చూసింది. ఎవేలియో కూడా చూశాడు. కొండచిలువ మనిషికి సంగతేమీ తెలియదు గానీ అతనూ చూశాడు.

"అయ్యో, నాకేసి ఎందుకు చూస్తారు!" ఫిలెమోన్ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "కన్యమరియమ్మ మీద ఒట్టు. ఈ వారమంతా చికెనే తిన్నాను. కొన్న చికెన్!"

"గురువారం మీ ఇంట్లోంచి మసాలా వాసన వచ్చింది," అంది ఎనెయిదా.

"చికెన్‌కి మసాలా వెయ్యరా దోన్యా? మీ క్యూబా వాళ్ళు వెయ్యరేమో!"

"ఆగండాగండి," అంది ప్రూయిట్. "పెరిగే కొద్దీ చిప్ ఒక్కోసారి జారుతుంది. కాళ్ళు కూడా చూస్తాను."

టబ్బులోవాడి భుజం, మోచెయ్యి, డొక్కలు, తొడ అన్నీ చూసింది. వాడు కదలకుండా చూపించుకున్నాడు. మిషన్ మూగగానే ఉంది. బట్టలగదివాణ్ణి ఎవేలియో, ఫిలెమోన్ చెరోపక్కా అదిమిపట్టారు. భుజం. మోచెయ్యి. మోచెయ్యి లోపలివైపు మిషన్ కీచుమంది.

ప్రూయిట్ అంకెలు చదివింది, ఎనెయిదా చేతిలో కాగితం చూసింది. "ఇదే మీది."

బొలేరో ఎవేలియో బొటనవేలు కొరికాడు.

"చెప్పానా!" అన్నాడు ఎవేలియో నొప్పిలోనే సంబరంగా.

ఎనెయిదా అంటే, వీధిలో వెయ్యి ఇగ్వానాల మధ్య నిలబెట్టినా తనవాణ్ణి పోల్చుకుంటానని ఊరందరికీ చెప్పిన మనిషి. వాడు బట్టలగదిలో ఒంటరిగా బుసలు కొడుతుంటే తలుపు మూసేసి వచ్చింది. ఒక్క పువ్వు పెట్టలేదు. వాడికేసి చూడబోయి చూడలేక, చేతిలో ఉన్నవాణ్ణి చూసింది. వాడు ఆమె భుజమెక్కి, చెవి దగ్గర నాలుకతో తడివి చూసి, చలిగాలికి ఆమె జుట్టులోకి తల దూర్చాడు.

"అయితే ఇదీ," ప్రూయిట్ గొంతు తగ్గించింది, "పెరట్లో పడిందేగా? అటు, కుడి వరుస సెన్యోరా."

"వీడా?"

"చలికి పడినవన్నీ అటే."

ఎవేలియో దగ్గరికి వచ్చాడు. "ఏమే, కావాలంటే మంచివాణ్ణే తీసుకెళ్దాం. ఈ కొరికేవాణ్ణి..."

"నోరు మూసుకో."

"ఆ అనుమతి చిప్ ఉన్నదానికి, మనిషికి కాదు. మార్చుకోడానికి లేదు," అంది ప్రూయిట్.

ఎనెయిదా కదల్లేదు. వెనక వరుస కాళ్ళు మార్చుకుంటోంది. ఆమెకి వీధి గుర్తొచ్చింది. చట్టం గడువు అయిపోయిన వారం, పెద్ద చెత్త తీసుకెళ్ళే లారీ వచ్చేరోజు, గుమ్మాలముందు పాత పరుపులూ విరిగిన కుర్చీలతోబాటు ఎన్ని పంజరాలు పెట్టారో! అన్నీ ఖాళీ. అన్నీ శుభ్రంగా కడిగినవి. లోపలివి ఎక్కడికి పోయాయని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. అర్జీ రాయడం బద్ధకమైనవాళ్ళు, రాయడమంటే భయపడ్డవాళ్ళు, కాగితంమీద తమ పేరు ఉండటమే ఇష్టంలేనివాళ్ళు. తలుపులు తెరిచి, పైకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయి ఉంటారు.

"అమ్మా," అంది ప్రూయిట్‌తో, "చెట్టుమీద పుట్టి పెరిగినవాడు మనిషి చేతిలో మందారం తింటాడా?"

"నేను అడగనన్నాను కదా. నన్నూ అడక్కండి."

"గెడ్డం గోకితే మెడ సాచుతాడా? వీణ్ణి ఎవరో పెంచారు. ఎవరో వదిలేశారు."

"కావచ్చు."

"అయితే వీడు పెంపుడువాడే."

ప్రూయిట్ బల్లమీదున్న తెల్ల టేపు చుట్ట, నల్ల పెన్ను దగ్గరికి లాక్కుంది.

"ఎడమ వరుసలో నేను అడిగేది ఒక్కటే సెన్యోరా. పెట్టెమీద రాయాలి. జంతువు పేరు."

ఎవేలియోకి తన పెళ్ళాం సంగతి తెలుసు. ఈ మనిషి ఒకసారి పార్కింగ్ జరిమానా తప్పుగా రద్దుచేశారని పోలీసు స్టేషనుకి వెళ్ళి మళ్ళీ వేయించుకు వచ్చింది. ఇప్పుడు కూడా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది, పేరేం లేదని, బుధవారమే దొరికాడని. ఆమె కాలు తొక్కుదామనుకున్నాడు గానీ ఆమె బల్లకి అవతలివైపు జరిగి ఉంది.

"మాంబో," అంది ఎనెయిదా.

"మాంబో," అని రాసింది ప్రూయిట్.

"మొదటినుంచీ అదే పేరు," అన్నాడు ఫిలెమోన్ సాయంగా. "మా బావమరిది పెట్టాడు."

"నువ్వు మాట్లాడకు," అన్నారు ఎనెయిదా, ప్రూయిట్ ఒకేసారి.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలోంచి గళ్ళ చొక్కా వేసుకున్న పొట్టి ఆవిడ లేచి వచ్చింది. హోమ్‌స్టెడ్ అనే ఊరి దగ్గర ఆవిడకి జంతువుల్ని పెంచే అనుమతి ఉన్న స్థలం ఉంది. బళ్ళకి జంతువుల్ని తీసుకెళ్ళి పిల్లలకి చూపిస్తుంది. మాంబోని రెండు చేతులా అందుకుంది. వాడు ఆవిడ చొక్కా గుండీ ఒకటి రుచి చూశాడు.

"ఎర్ర మందారమే పెట్టాలి," అంది ఎనెయిదా. "పసుపుది పెడితే ఉమ్మేస్తాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మాట్లాడుతూ ఉండాలి, ఏదైనా సరే. నేనైతే వీధి సంగతులు చెప్పాను."

"ఆదివారాలు గేటు తెరిచే ఉంటుంది," అంది ఆవిడ. "మీరే వచ్చి చెప్పొచ్చు."

"వస్తాను. పువ్వులు నేనే తెస్తాను."

పక్కకి వచ్చాక ఎనెయిదా మళ్ళీ వెనక్కి తిరిగి ప్రూయిట్ దగ్గరికి వెళ్ళింది. ఎవేలియో ఆపేలోగానే అనేసింది: "ఆ గడియ మాత్రం మా తప్పే. బొలేరో రాత్రంతా బయటున్నాడు. రాసుకుంటే రాసుకో."

ప్రూయిట్ తల ఎత్తకుండానే అంది: "తాళం కప్ప కొనుక్కోండి సెన్యోరా. తర్వాతెవరు?"

తిరిగి వెళ్ళేటప్పుడు ఎనెయిదా ముందుసీట్లో కూర్చోలేదు. వెనకాల రంగు డబ్బాల మధ్య, బొలేరో పెట్టె పక్కన ఒక బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుంది. సంచీలోంచి మందారం తీసి కంతలోంచి లోపలికి పెట్టింది. వాడు తల అటు తిప్పుకున్నాడు.

"అలిగాడు," అంది.

"అలగడా మరి?" అన్నాడు ఎవేలియో, బొటనవేలికి కట్టుకట్టిన రుమాలు బిగించుకుంటూ. "సొంతింట్లో బట్టల గదిలో పెట్టి, ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి టబ్బులో కూర్చోబెట్టి రాజోపచారాలు చేశావు. నేనైతే వారం అన్నం మానేసేవాణ్ణి."

"నువ్వు ఒకపూట మానెయ్యి చూద్దాం!"

ఫిలెమోన్ అద్దంలోంచి చూశాడు. "ఎంతసేపు అలుగుతాడంటారు దోన్యా?"

"ఎంతసేపైనా సరే. నేను పట్టుకునే ఉంటాను."

చెయ్యి కంతలోనే ఉంచింది. ఎర్రదీపాల దగ్గర వ్యాను ఆగినప్పుడల్లా డబ్బాలు గలగలమన్నాయి, ఆమె మోకాలు పెట్టెకి కొట్టుకుంది. కాలువ వంతెన దాటుతుండగా ఆమె వీధి సంగతులు మొదటినుంచీ మొదలుపెట్టింది, బుధవారం నుంచి చెప్పకుండా దాచిపెట్టినవన్నీ. ఎదురింటివాళ్ళ కొత్త అల్లుడి దాకా వచ్చేసరికి, లోపల పువ్వు కొసని ఎవరో లాగినట్టయింది. ఒక్క రేక. ఆ వెంటనే ఆమె వేలు కూడా.

"కొరికాడు!" అంది ఎనెయిదా, మొహమంతా వెలిగిపోతుండగా.